అందీ అందని స్వరం

కిరీటికి ఒకటే బెంగ. సైలస్ మాస్టారు ఇంకా "సరే" అనలేదు.

మర్నాడు సాయంత్రం బీచ్‌రోడ్డులో ప్రోగ్రాం. కిరీటి బ్యాండ్‌కి అదే మొదటి స్టేజీ. మొదలెట్టబోయేది ఒక పాత హార్డ్ రాక్ పాట. వీళ్ళెవరూ పుట్టకముందు ఎక్కడో ఇంగ్లీషు బ్యాండ్ ఒకటి వాయించింది. దాన్ని వీళ్ళు ఇంకా మోతగా ఉండే హెవీ మెటల్ బాణీలోకి దించేశారు. తీగలు వదులు చేసి శ్రుతి కిందికి లాగారు. వేగం రెట్టింపు చేశారు. అష్రఫ్ డ్రమ్స్‌ని రెండు కాళ్ళతోనూ దంచుతున్నాడు. బాస్ గిటార్ వాయించే లోవరాజే గాయకుడు. వాడు పాడుతున్నాడో, గొంతులో కంకర ఆడిస్తున్నాడో చెప్పడం కష్టం.

మాస్టారు దేనికీ అడ్డు చెప్పలేదు. "ఒరే లోవరాజూ, పొద్దున్నే కాస్త అల్లం నములుతుండ్రా," అన్నారంతే.

జ్ఞానాపురంలో మేడ మీద ఒంటి గది ఆయనది. వీళ్ళ ప్రాక్టీసూ అక్కడే. కుర్రతనంలో రైల్వే ఇనిస్టిట్యూట్‌లో ఇలాంటి పాటలే వాయించేవారు. ఇప్పుడు ఆదివారాలు చర్చిలో వాయిస్తారు, మిగతా రోజులు పిల్లలకి గిటార్ నేర్పుతారు. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసొచ్చిన కిరీటిని "ఇప్పుడేటి చేస్తావురా" అని అడగని మనిషి ఊరు మొత్తానికి ఆయనొక్కరే. ఇంట్లో నాన్న మాట్లాడటం మానేసిన వారమే ఆయన పిలిచి, ఈ పాటున్న క్యాసెట్ చేతిలో పెట్టారు. అందుకే ఆయన సరే అంటే కిరీటికి ఇంక ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. అనకపోతే స్టేజీ ఎక్కడానికి కాళ్ళు రావు.

వీళ్ళు వాయిస్తున్నంతసేపూ మాస్టారు మూల స్టూలు మీద కూర్చుని ఎవరిదో గిటార్‌కి తీగలు మారుస్తుంటారు. చేతిలో కటింగ్ ప్లేయర్. కింద కాలు తాళం వేస్తూ ఉంటుంది. కిరీటి ఒక్కడే వాయించే గిటార్ సోలోలో బాగా పైకెళ్ళే స్వరం ఒకటుంది. అక్కడికొచ్చేసరికి ఆ కాలు ఆగిపోతుంది. ప్రతిసారీ అక్కడే.

కిరీటివి పాము చెవులు. అంత మోతలోనూ ఆ కాలు ఆగడం వాడికి తెలుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం ఇంక ఉండబట్టలేక గిటార్ మీంచి చెయ్యి తీసేశాడు.

"అక్కడేటి తప్పు మాస్టారూ?"

"నువ్వేం తప్పు వాయించలేదు."

"మరి కాలెందుకు ఆపుతున్నారు?"

మాస్టారు తన కాలి వంక చూసుకున్నారు. "ఆగిందేటి?"

లోవరాజు కిసుక్కున నవ్వాడు. కిరీటికి ఒళ్ళు మండింది.

"తప్పు ఆ ఇంగ్లీషు గిటారిస్టుది మాస్టారూ. క్యాసెట్‌లో ఆ స్వరం సరిగ్గా అందదు. వెంట్రుకవాసి తక్కువలో ఉండిపోద్ది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎన్నిసార్లు విన్నానో. అంత పెద్దాయన అక్కడ జారిపోయాడు. నేను సరిచేశాను."

"సరిచేశావా."

"మీ ముందు అనకూడదు గానీ, ఆ ఒక్కచోట మాదే నయం."

"అయితే మంచిదేగా. వాయించండి మళ్ళీ."

వాయించారు. కిటికీ రెక్కలు అదిరాయి. సోలో మొదలైంది. కిరీటి వేళ్ళు పైకి పాకుతున్నాయి. మాస్టారు స్టూలు మీంచి లేచి, పక్కకొచ్చి, కటింగ్ ప్లేయర్‌తో వాడి గిటార్ మొదటి తీగ కటుక్కున తెంచేశారు.

తీగ చుట్టుకుపోయి మణికట్టుకి తగిలింది. అష్రఫ్ కర్రలు గాల్లో తటపటాయించాయి. కానీండి కానీండి, అన్నట్టు మాస్టారు చెయ్యి ఊపారు. అష్రఫ్ మళ్ళీ అందుకున్నాడు.

పాట ఆగలేదు. పై స్వరం దగ్గరకొచ్చేస్తోంది. అది ఉండాల్సిన తీగ లేదు. కిరీటికి ఆలోచించే టైము లేదు. వేలు దానంతటదే రెండో తీగ మీద పడింది. స్వరం పెరిగేలా దాన్ని బిగదీసి పైకి నెట్టాడు. ఇంకా నెట్టాడు. పక్క తీగ కూడా దాంతో పాటే జరిగింది. చర్మం కోసుకుపోతోంది. స్వరం పైకి లేచింది, లేచింది, గమ్యం ఇంకో వెంట్రుకవాసి ఉందనగా అక్కడే వణుకుతూ నిలబడింది.

క్యాసెట్‌లో స్వరమే అది.

మూలనించి కాలి తాళం వినిపిస్తోంది. ఆగలేదు.

పాట అయిపోయింది. యాంప్లిఫయర్ ఒక్కటే గుయ్‌మంటోంది.

"ఆయనకీ తెగిపోయిందా మాస్టారూ?" అన్నాడు కిరీటి.

"ఆయన సంగతి నాకేటి తెలుసురా. నాకు తెగింది. ఇనిస్టిట్యూట్‌లో, నిండా జనం ఉండగా. అంతవరకూ నేనూ సరిచేసే వాయించేవాణ్ణి."

సొరుగులోంచి కొత్త తీగ తీసి ఇచ్చారు. కిరీటి అది బిగించుకున్నాడు. తెగినదాన్ని చుట్ట చుట్టి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు స్టేజీ ఎక్కాక మైకు దగ్గరకెళ్ళాడు. ఏం చెప్పాలో ముందు అనుకోలేదు.

"ఈ పాట మాది కాదండి," అన్నాడు. "ఎక్కడి వాళ్ళో చేశారు. ఒకాయన దాచిపెట్టి మాకిచ్చారు. వాళ్ళకీ ఆయనకీ దండాలు."

ముందు వరస కుర్రాళ్ళు ఈలలేశారు. అష్రఫ్ కర్రలు కొట్టి లెక్క ఇచ్చాడు. రెట్టింపు వేగం, రెట్టింపు మోత, లోవరాజు కంకర, అన్నీ ఉన్నాయి. పై స్వరం దగ్గర మాత్రం కిరీటి చెయ్యి కొత్త తీగని ముట్టుకోలేదు. రెండోదాన్ని పట్టుకుని పైకి నెట్టింది.

దిగొచ్చేసరికి మాస్టారు వైర్ల గుట్ట పక్కన నిలబడున్నారు. కిరీటి కాళ్ళకి వంగబోయాడు. ఆయన భుజం పట్టుకుని ఆపేశారు.

"వేలు చూపించు."

వేలి కొస మీద ఎర్రగా గాటు. మాస్టారు దాన్ని తన వేలి పక్కన పెట్టి చూసుకున్నారు. ఆయనకీ అక్కడే, పాతబడి రాయిలా గట్టిపడిన కాయ ఉంది.

"సరే," అన్నారు.