మిగిలిన మోకు

“తమ్ముణ్ణి ఇంకెంత గట్టిగా పట్టుకుంటే నా దగ్గర నిలుస్తాడు స్వామీ?” అని అడిగాడు విశ్వపతి. తల్లిదండ్రులు పోయాక ఆ తమ్ముణ్ణి తనే పెంచాడు. ఇప్పుడతను వేరే ఊళ్లో పని చూసుకుని వెళ్తానంటున్నాడు. వెళ్తే మళ్లీ ఈ గడప తొక్కవద్దని చెప్పి వచ్చాడు విశ్వపతి. చెప్పిన దగ్గర్నుంచీ అతనికి అన్నం సహించడం లేదు.

గురువుగారు అతని మాటను తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. తమ ఆశ్రమం ఉన్న తీరంలోనే బతికే దానయ్య అనే జాలరి సంగతి ఎత్తుకున్నారు.

దానయ్యకూ ఒక తమ్ముడుండేవాడు. పేరు మాసేను. పన్నెండేళ్లు చిన్నవాడు, అన్న చేతిలోనే పెరిగాడు. ఈత, వల, తెరచాప, అన్నీ దానయ్యే నేర్పాడు. కార్తీకంలో ఒకరోజు ఇద్దరూ చిన్న పడవ మీద వేటకు వెళ్లి తిరిగి వస్తుండగా మధ్యాహ్నం దాటాక తూర్పుగాలి విరుచుకుపడింది. తెరచాప నిలువునా చిరిగింది. గాలి పడవను ఒడ్డు వైపు నెడుతోంది. ఒడ్డుకు ఇవతల నీళ్లలో రాతిగుట్టల వరస ఉంది. దానయ్య లంగరు దించాడు. లంగరుకు కట్టిన ముప్పై బారల మోకులో పది బారలు వదిలి, మిగతాది చుట్టగా ఉంచి, బిగించి కట్టేశాడు.

అల లేచినప్పుడల్లా మోకు నిట్టనిలువుగా బిగిసి, అడుగున లంగరు పెకలి కాస్త జరుగుతోంది. మాసేను అది చూశాడు.

“మోకంతా ఒగ్గేద్దాం అన్నా. ఏటవాలుగా లాగితేనే లంగరు ఇసకలో దిగబడతాది.”

దానయ్య వెనక్కి చూశాడు. అంత మోకూ వదిలితే పడవ ఆ మేరకు రాళ్ల దగ్గరికి పోతుంది. అతని కంటికి ఆ రాళ్లే కనిపించాయి. “నేనున్నాను కదా. నువ్వు నీళ్లు తోడు,” అన్నాడు.

మాసేను మారు మాట్లాడకుండా వంగి నీళ్లు తోడసాగాడు. లంగరు జారుతున్న కొద్దీ దానయ్య భయపడి మోకును ఇంకో రెండు బారలు లోపలికి లాక్కున్నాడు. దగ్గరగా ఉంటే పట్టు చిక్కుతుందనుకున్నాడు. మాసేను ఒకసారి తలెత్తి చూశాడు. అన్న ముఖం చూసి మళ్లీ వంగాడు. కాసేపటికి పెద్ద అల ఒకటి పడవ ముక్కును పైకెత్తింది. లంగరు పూర్తిగా ఊడింది. పడవ వెళ్లి రాళ్ల మీద పడింది.

దానయ్యను కెరటాలు ఒడ్డున పడేశాయి. మాసేను మూడోనాడు దొరికాడు.

ఆ రోజే, ఆ రాళ్లకే ఎదురుగా గంగులు అనే మరో జాలరి పడవ కూడా లంగరు వేసుకుని ఉంది. గాలి తగ్గాక అది పొద్దుగూకే లోపల క్షేమంగా ఒడ్డుకు చేరింది. కర్మకాండ ముగిశాక దానయ్య అతని ఇంటికి వెళ్లి ఎంత మోకు వదిలావని అడిగాడు. గంగులు చాలాసేపు వల బాగుచేస్తున్నట్టే ఉండిపోయాడు. దానయ్య కదలకపోయేసరికి, ఉన్నదంతా వదిలానని చెప్పాడు. దానయ్య తలూపి లేచి వచ్చేశాడు. ఆ తర్వాత అతను సముద్రం మీదికి వెళ్లలేదు. ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు అల్లుతుంటాడు.

గురువుగారు అక్కడికి ఆపారు. విశ్వపతి, “మాసేనుకు తెలుసు కదా స్వామీ. అన్న చేతిలోంచి లాక్కునైనా ఆ మోకు వదలవలసింది,” అన్నాడు.

“తనకు ఎదురాడకుండా ఆ అన్నే పెంచుకున్నాడు కదా, నాయనా,” అన్నారు గురువుగారు.