మంచు తినేసిన చోళ్ళు

ఆ కొండవాలున తెల్లవారడం ఒక్కసారిగా జరిగే పని కాదు. ముందు మంచు దిగుతుంది. వాగూ, లోయా, కోత అయిపోయిన చోడి మళ్ళూ పాలలో మునిగినట్టు మునిగిపోతాయి. తర్వాత ఆ పాలలోంచి ఒక గడ్డిపరక, ఒక రాయి, ఒక బొరియ నెమ్మదిగా పైకి తేలతాయి. అన్నిటికన్నా ఆఖర్న తేలేది చిట్టెలుక నూకాలు ఇల్లు.

నూకాలు నిండు కడుపుతో ఉంది. చలి ముదిరేసరికి పిల్లలు పుడతారు. పాలిచ్చే రోజుల్లో బయటికి కదలడానికి ఉండదు కనుక కోతల కాలమంతా ఒక్కతే తిరిగి చోళ్ళు, అంటే రాగులు, ఏరి లోపలి గదిలో పోసుకుంది. ఆ పోగు ఉంటే పిల్లలుంటారు. లేకపోతే లేరు. రోజూ పడుకునే ముందు మూతితో ఆ పోగును ఒకసారి తడిమి చూసుకునేది.

ఆ వాలు మీద ఒక ఆచారం ఉంది. ఊరు వెళ్ళేవాళ్ళు సాలీడు బంగారమ్మను పిలిచి, దోమలు పెట్టి, గుమ్మానికి అడ్డంగా గూడు అల్లించుకుంటారు. అదే తాళం. దాన్ని తెంపినవాడికి పుట్టగతులుండవని అందరి నమ్మకం. ఇంతవరకు తెంపిన జంతువూ లేదు.

ఒక పొద్దున పుట్టింటికి వెళ్ళిన చుంచెలుక ఆదెమ్మ తిరిగొచ్చింది. గుమ్మం మీద గూడు చెక్కు చెదరలేదు. మంచుపూసలు కట్టి మెరుస్తున్న ఒక్క దారమైనా తెగలేదు. బంగారమ్మ చేత ఒక మూల విప్పించి లోపలికి వెళ్ళి చూస్తే గింజ లేదు.

"నా కొంప మునిగిపోయిందర్రా!" అని ఆదెమ్మ గుమ్మంలో కూలబడింది.

అందరూ మూగారు. అందరికన్నా ముందొచ్చింది పందికొక్కు దండాసి. నున్నటి ఒళ్ళు, నెమ్మదైన మాట.

"తాళం తాళంలాగే ఉంది. సరుకు లేదు. ఇంకెవరమ్మా, మంచు తినేసింది" అన్నాడు ఆదెమ్మ వీపు నిమురుతూ. "ఈ ఏడు మంచుకు ఆకలెక్కువ. మొన్న కుంటెలుక ఇంట్లోనూ ఇంతే కదా!"

అందరూ లోయకేసి భయంగా చూశారు. తెల్లటి మంచు నోరు తెరిచి నిద్రపోతున్నట్టు ఉంది. అది గింజలు తినగలదంటే ఆ పూట ఎవరైనా నమ్ముతారు. నూకాలు కూడా సగం నమ్మింది.

జనం చెదిరిపోతుంటే దండాసి నూకాలు పక్కకొచ్చాడు. "వాగు అవతల మీ అప్ప ఇంటికి వెళ్తానన్నావు. రేపేనా చెల్లీ?"

"రేపు చీకటి పడకముందే, అన్నా. తోడబుట్టిన అప్పకు ఒంట్లో బాగాలేదు. నాలుగు రోజులుండి వస్తాను."

"వెళ్ళాలి మరి. కడుపుతో ఉన్నదానివి, జాగ్రత్త. బంగారమ్మ చేత గూడు అల్లించుకుని మరీ వెళ్ళు సుమా! నీ మంచి కోరి చెబుతున్నాను."

అతను మంచులో కలిసిపోయాడు. నూకాలు అక్కడే నిలబడిపోయింది. మీసాల మీద చల్లగా ఏదో వాలింది. చూస్తే మంచుబొట్టు.

'ఈ మంచు రోజూ నా ఇంట్లోకీ వస్తుంది' అనుకుంది. 'నా మీసాలు తడుపుతుంది, నా గోడలు తడుపుతుంది. నా గింజ ఒక్కటీ ముట్టలేదు. ఆదెమ్మ ఇంట్లో తిన్నది, కుంటెలుక ఇంట్లో తిన్నది. ఇద్దరూ ఊళ్ళో లేరు. ఇద్దరి గుమ్మానికీ తాళం ఉంది. తాళం లేని ఇల్లు వదిలేసి, తాళం ఉన్న ఇంటికే వెళ్ళే ఆకలి ఏం ఆకలి?'

ఆదెమ్మ ఇంటి లోపలికి వెళ్ళి గోడ వెంట మూతి ఆనించుకుంటూ నడిచింది. గోడంతా గట్టిగా ఉంది. గుమ్మానికి కాస్త పక్కన మాత్రం ముక్కు మెత్తగా దిగబడింది. ఎవరో తవ్వి, మళ్ళీ పూడ్చేసిన మట్టి.

బంగారమ్మ ఈ మాట విని మండిపడింది. "నా తాళం మీద దొంగతనమా? నా గూడు మీద నింద వేస్తావేమే, గుంటా?"

"నీ తాళం గట్టిదే పిన్నీ. కాకపోతే పొద్దున్నే మంచుపూసలు కట్టుకుని అంత దూరానికి మెరుస్తుంది. ఇంట్లో ఎవరూ లేరు రండని లోయంతటికీ చాటుతుంది. దొంగకు దాన్ని తెంపే పని లేదు. చూస్తే చాలు, పక్కనుంచి తవ్వుకుంటాడు."

బంగారమ్మ తన దారాన్నే చూసుకుంటూ ఊగింది. "అయితే ఏం చెయ్యమంటావు?" అంది గొంతు తగ్గించి.

నూకాలు పక్కింటి గుమ్మం చూపించింది. అది ఏదుపంది పైడయ్య తాతది. ఆ తాతకు లోకంలో నచ్చే పని ఒక్కటే, నిద్ర.

"నా గుమ్మం మీద ఏం అల్లుకుంటారో అల్లుకోండి" అన్నాడు పైడయ్య కళ్ళు తెరవకుండానే. "నన్ను లేపకండి, చాలు."

"లేపం తాతా. ఈ గోడ వైపు వీపు పెట్టి పడుకుంటావా?"

"ఎటు పడుకున్నా నిద్ర నిద్రేనే" అని గొణిగి పైడయ్య అటు తిరిగాడు.

మర్నాడు పొద్దు వాలకముందే నూకాలు అందరికీ చెప్పి బయలుదేరింది. దండాసి వాగు దాకా సాగనంపి వెళ్ళాడు. అతను కనుమరుగవగానే ఆమె వెనక్కి తిరిగింది. తెల్లారుతుండగా తన వాకిట్లో తాజా చోడి పొట్టు చల్లింది. ఇటూ అటూ తిరిగి అడుగులు వేసింది. వాకిలి రాయిని తోకతో తుడిచి, ఎదుటి పొద ఆకుల కింద దాక్కుంది.

కడుపులో పిల్లలు కదిలారు. 'కదలకండర్రా' అని బతిమాలుకుంది. 'నేను ఇంట్లోనే ఉన్నానని ఆ దొంగ నమ్మకపోతే మీకు తిండి లేదు.'

మంచు దిగింది. ఆకు కిందనుంచి చూస్తుంటే లోకం ఇంకా పుట్టనట్టుంది. ఆ తెలుపులోంచి ఒక నల్లటి మూతి, తర్వాత ఒక నున్నటి వీపు తేలాయి. దండాసి నూకాలు గుమ్మం దగ్గర ఆగాడు. పొట్టు వాసన చూశాడు.

"వెళ్తానంది. వెళ్ళలేదా ఏం?" అని గొణుక్కున్నాడు. "పొట్టింకా తడవలేదు. వాకిట్లో అడుగులున్నాయి. తాళమూ లేదు. అప్పనే ఇక్కడికి రప్పించుకుందో ఏమో!"

మెడ తిప్పాడు. పక్కింటి గుమ్మం మీద బంగారమ్మ గూడు నిండా మంచుపూసలతో దీపంలా వెలుగుతోంది.

"ఓహో! ముసలాడు ఊరెళ్ళాడా? అయితే దుంపలన్నీ లోపలే ఉంటాయి."

గూడుకు దారమంత ఎడంగా ముందుకాళ్ళతో తవ్వడం మొదలుపెట్టాడు. చప్పుడే లేదు. మట్టి కూడా కల కంటున్నట్టు మెత్తగా రాలింది. దండాసి తల దూర్చాడు, భుజాలు దూర్చాడు.

లోపల పైడయ్యకు వీపు మీద చల్లగాలి తగిలింది. నిద్రలోనే ముళ్ళు విదిలించాడు.

లోయలో మంచు చిరిగిపోయేంత కేక వినబడింది. ప్రతి బొరియలోంచీ ఒక తల బయటికొచ్చింది. మూతినిండా ముళ్ళతో దండాసి వెనక్కి పాక్కుంటూ వచ్చి అందరి మధ్యా కూలబడ్డాడు.

"లేపొద్దన్నానా!" అంది లోపలినుంచి పైడయ్య గొంతు.

నూకాలు ఆకు కిందనుంచి లేచి వచ్చింది. "మంచుకు మూతి ఉందర్రా. చూడండి, ముళ్ళు కూడా గుచ్చుకున్నాయి!"

దండాసి మూతి ఎత్తలేకపోయాడు. "తాళం ఉంది కదా" అన్నాడు ఏడుపు గొంతుతో. "తాళం ఉంటే ఇంట్లో ఎవరూ ఉండకూడదు కదా!"

ఆదెమ్మ దండాసి బొరియలోకి దిగింది. కాసేపటికి తన చోళ్ళు నోట కరుచుకుని బయటికొచ్చింది. ఆమె వెనకే కుంటెలుక కూడా.

ఎండ కాస్త ఎక్కాక నూకాలు నిజంగానే అప్ప ఇంటికి బయలుదేరింది. వాగు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. పలచబడుతున్న మంచులో అన్ని గుమ్మాల మీదా, జనం ఉన్న ఇంటి మీదా లేని ఇంటి మీదా, బంగారమ్మ తనకు తోచినట్టు గూళ్ళు అల్లుకుంటూ పోతోంది. ఆదెమ్మ మాత్రం నూకాలు వాకిట్లో పొట్టు చల్లి, అక్కడే ఇటూ అటూ నడుస్తోంది.

నీతి: ఇల్లు ఖాళీ అని చాటే తాళంకన్నా, పొద్దున్నే మన వాకిట్లో అడుగు వేసే పొరుగే ఇంటికి కాపలా.