ముత్తాతగారు కూర్చోలేదు

వెదురుకోట అని ఒక రాజ్యం ఉండేది. ఎంత రాజ్యమనుకున్నారు? తూర్పు పొలిమేరలో పిల్లాడు తుమ్మితే పడమటి పొలిమేరలో అవ్వ "చిరంజీవ" అనేటంత. దాన్ని ఏలేవాడు విజయమార్తాండభూపతి. రాజ్యం ఎంత చిన్నదో రాజుగారి దర్పం అంత పెద్దది.

అన్నిటికన్నా ఆయనకు వంశమర్యాద ముద్దు. ఆ కోటలో వంశానికి పెద్దవాడైన పెద్దరాజు వస్తున్నాడని వంది కేక వేస్తే ఎంతటివాడైనా లేచి నిలబడాలి. పెద్దరాజు కూర్చునేదాకా ఎవరూ కూర్చోకూడదు. ఆయన ముద్ద ఎత్తేదాకా ఎవరూ విస్తరి ముట్టకూడదు. మోకాళ్ళ నొప్పితో ఆలస్యంగా లేచాడని ఒకసారి సేనాపతిని రోజంతా నిలబెట్టాడు. నన్నడిగితే అది మర్యాద కాదు, మొండితనం.

ఆ ఆస్థానంలో పేరిశాస్త్రి అనే ముసలి పండితుడు ఉండేవాడు. ముప్పై ఏళ్ళు ఎడ్లబండి మీద ఊరూరా తిరిగి, పాత రాతి శాసనాలు చదివి, రాజవంశ చరిత్రను తాటాకుల మీద రాశాడు. ఒకనాడు దాన్ని సభలో వినిపించబోయాడు.

"తమ ముత్తాతగారు రణభీమభూపతి భోజనశాలకు వేంచేసి, బ్రాహ్మణులకు ఊరు దానం చేశారని శాసనం చెబుతోంది..."

"ఆగు!" అన్నాడు రాజు. "రాయేమో 'చెబుతోంది', మా ముత్తాతగారేమో 'చేశారు' అనా? బండరాయికి వర్తమానకాలం, మహారాజుకి భూతకాలమా? మా వంశంలో భూతాలు లేవు శాస్త్రీ!"

"ప్రభూ, ఆయన చేసింది అయిపోయింది. రాయి మాత్రం ఇంకా..."

"నోర్ముయ్! మావాళ్ళు అమరులు. గ్రంథమంతా ఒకే కాలంలో ఉండాలి. వస్తున్నారు, ఇస్తున్నారు, గెలుస్తున్నారు, అంతే! నా పుట్టినరోజు విందులో చదివిస్తాను. ఒక్క 'చేశారు' వినబడిందా, గ్రంథం వంటశాల పొయ్యిలోకి పోతుంది!"

పాపం శాస్త్రి! బిడ్డలు లేని మనిషి, ఉన్నదల్లా ఆ తాటాకుల కట్టే. తిన్నగా నారపరాజు ఇంటికి వెళ్ళి బావురుమన్నాడు. నారపరాజు ఆస్థానంలో వంది. బిరుదులు చదవడం, రాజుల రాకను చాటడం అతని పని. గొంతు పెద్దది, బుర్ర పదునైనది.

"రాజుగారు చెప్పినట్టే రాసెయ్యండి శాస్త్రిగారూ" అన్నాడు నారపరాజు.

"అలా రాస్తే ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదయ్యా!"

"ఆ సంగతి నాకొదిలెయ్యండి. శాసనంలో లేనిది మాత్రం ఒక్క అక్షరం చేర్చకండి."

"నా కంఠంలో ప్రాణం ఉండగా చేర్చను" అన్నాడు శాస్త్రి కళ్ళు తుడుచుకుంటూ.

పుట్టినరోజు రానే వచ్చింది. భోజనశాలలో బారుగా విస్తళ్ళు వేశారు. పనసపొట్టు కూర, పులిహోర, పొగలు కక్కే బొబ్బట్లు వడ్డించారు. ఉదయం నుంచి ఉపవాసం ఉన్న రాజుగారు పీట మీద కూర్చుని, "ఊ, కానీ" అన్నాడు.

నారపరాజు తాటాకుల కట్ట విప్పి, గొంతు సవరించుకుని కోట అదిరేలా అందుకున్నాడు. "మహారాజాధిరాజ రణభీమభూపతులవారు భోజనశాలకు వేంచేస్తున్నారహో!"

అందరూ దిగ్గున లేచారు. ముత్తాతగారికంటే పెద్దరాజు ఎవరుంటారు? విజయమార్తాండభూపతీ లేవక తప్పలేదు.

"వేంచేసి, బ్రాహ్మణులకు ఊరు దానం చేస్తున్నారు!" అని నారపరాజు ఊరుకున్నాడు.

రాజు కాసేపు చూశాడు. "ఊ, కూర్చుంటున్నారని చదవవోయ్."

"కూర్చోవడం లేదు ప్రభూ. అక్కడికి రాయి విరిగిపోయింది."

"రెండో ముక్క ఏదీ?"

"శాస్త్రిగారు ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నారు."

బొబ్బట్ల మీద నెయ్యి పేరుకుంటోంది. రాజుగారి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. "తర్వాతి ఆకు చదువు!" అని అరిచాడు.

"తమ తాతగారు అంతఃపురంలో ఇప్పుడే పుడుతున్నారు!" అన్నాడు నారపరాజు. తర్వాత విస్తరి వైపు చూసి, "ఆ లెక్కన ప్రభువులు ఇంకా పుట్టనే లేదు. ఈ విస్తరి తీయించమంటారా?" అని వినయంగా అడిగాడు.

"విస్తరి ముట్టుకున్నావంటే చూడు! ముత్తాతగారు పోయిన సంగతి ఎక్కడా లేదా?"

"ఎందుకు లేదు ప్రభూ, పక్క ఊరి శాసనంలో ఉంది. రణభీమభూపతులవారు స్వర్గస్థులవుతున్నారు!"

"అమ్మయ్య!" అని రాజు పీట మీద కూలబడబోయాడు.

"అయ్యో, ఆగండి ప్రభూ! ఇంటి పెద్ద ప్రాణం పోతుంటే భోజనమా? ఆపైన ఇల్లంతా మైల. పొయ్యిలు ఆర్పించి, వండినదంతా పారబోయించమంటారా?"

రాజుగారి ముఖం చూడాల్సిందే! బొబ్బట్ల మీద రెండు చేతులూ అడ్డం పెట్టి కేక పెట్టాడు. "పోయారు! మా ముత్తాతగారు ఎప్పుడో పోయారు! వచ్చారు, ఇచ్చారు, పోయారు! అలాగే రాసుకోండి, ముందు నన్ను తిననివ్వండి!"

సేనాపతి మోకాళ్ళు పట్టుకుని అందరికంటే ముందు కూర్చున్నాడు. రాజుగారి కళ్ళు మాత్రం బొబ్బట్ల మీదే ఉన్నాయి.

నాలుగు బొబ్బట్లు లోపలికి పోయాక రాజుగారికి జ్ఞానోదయమైంది. "అయితే శాస్త్రిగారూ, రాయి మాత్రం 'చెబుతోంది' అనే ఉండాలంటారా?"

"అవును ప్రభూ. మీ ముత్తాతగారు వెళ్ళిపోయారు. ఆ రాయి ఎండకూ వానకూ నిలబడి, అడిగినవాడికల్లా ఇప్పటికీ చెబుతూనే ఉంది."

రాజు కాసేపు నమలడం మానేశాడు. "మరి నా సంగతి ఎలా రాస్తారు?"

"తమరు భోంచేస్తున్నారు ప్రభూ" అన్నాడు శాస్త్రి. "నిదానంగా కానివ్వండి. భూతకాలానికి తొందరేమీ లేదు."

రాజు పగలబడి నవ్వాడు. తన చేతి కంకణం తీసి నారపరాజుకు తొడిగాడు. రాతి రెండో ముక్క వెతకడానికి శాస్త్రికి కొత్త బండీ, జత ఎడ్లూ ఇప్పించాడు. తాటాకుల కట్టను పొయ్యికి ఆమడ దూరంలో దాచమన్నాడు. నవ్వు ఆగక మళ్ళీ నోట్లో బొబ్బట్టు పెట్టుకునేసరికి పొలమారింది.

నారపరాజు పరుగున వచ్చి ప్రభువు నెత్తి మీద తడుతూ, "ముత్తాతగారు తలుచుకుంటున్నారు ప్రభూ!" అన్నాడు.

రాజు దగ్గు మధ్యలోనే విస్తరి మీదికి వంగి, రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచాడు. "తలుచుకున్నారు! తలుచుకున్నారు అనవయ్యా!"