రేవులో ఎండుచేపల గంప

"గురువుగారూ, లంకలో నాతో ఎన్నాళ్లుంటారు?"

నరహరి తెల్లవారుజామున బస్సెక్కినప్పటినించీ అడుగుతున్న ప్రశ్న ఇదొక్కటే.

గోదావరి సముద్రంలో కలిసే చోట, నాలుగు పక్కలా నీళ్లున్న లంక అది. ఆ ఊరివాళ్లు పట్టుబట్టి ఓ ఆశ్రమం కట్టుకున్నారు. డబ్బిచ్చిన పెద్దమనిషి గోడ లేవకముందే దానిమీద తన పేరెక్కడుండాలో చెప్పాడు. ఇక పాఠం చెప్పే మనిషి కావాలి. సోమన్న గురువుగారు నరహరిని ఎంచారు. పదకొండేళ్లు దగ్గరుండి చదివినవాడు, చదువులో లోటేమీ లేదు. గురువు పక్కన లేకుండా పదిమందిలో నోరు విప్పమంటే మాత్రం చెమటలు పడతాయి.

"చూద్దాం," అన్నారు గురువుగారు.

బస్సు దిగి షేర్ ఆటో ఎక్కారు. ఇద్దరు పెళ్లిపెద్దల మధ్య ఇరుక్కుని నరహరి మళ్లీ అడిగాడు. ఆటోవాడికీ కుతూహలం పుట్టి, "అవును సామీ, ఎన్నాళ్లుంటారు?" అని వెనక్కి తిరిగాడు.

"నువ్వు ముందు రోడ్డు చూడు నాయనా," అన్నారు గురువుగారు.

మధ్యాహ్నానికి రేవు చేరారు. రెండు పడవల మీద బల్లలు పరిచిన పంటు సిద్ధంగా ఉంది. దాని మీదికి గేదెను ఎక్కించడానికి ఇద్దరు సరిపోయారు. సర్పంచి గారిని ఎక్కించడానికి నలుగురు కావలసి వచ్చారు.

నది మధ్యకొచ్చాక నరహరి గొంతు తగ్గించాడు. "కనీసం శివరాత్రి దాకా ఉండండి. అక్కడివాళ్లు ఏదైనా అడిగి, నాకు తోచకపోతే?"

"తోచలేదని చెప్పు."

"నవ్వరూ?"

"నవ్వుతారు."

అవతలి రేవులో ముందుగా దిగింది నరహరే. అతని వెనకే ఎండుచేపలమ్మే పోలమ్మ గంపను ఇసకలోకి ఈడ్చుకొచ్చి, తలమీద గుడ్డ చుట్ట పెట్టుకుంది.

"ఓ సామీ! గడ్డం నిమురుకోవడం అయిపోతే ఓ చెయ్యెయ్యి."

నరహరి వెనక్కి తిరిగి గురువుగారి వంక చూశాడు. దీనికీ అనుమతి కావాలి మరి. ఆయన తలూపారు.

ఇద్దరూ కలిసి గంప ఎత్తారు. అది తలమీద కుదురుకోగానే పోలమ్మ నడక సాగించింది. నరహరి మాత్రం గంప అంచు వదల్లేదు. చేతులు పైకెత్తి, ఇసకలో తడబడుతూ ఆమె వెనకే నడిచాడు.

పది అడుగులయ్యాక ఆమె ఆగింది. "ఊళ్లోకి ఇలాగే వత్తావా ఏంటి?"

"బరువుగా ఉంది కదమ్మా. ఒరిగితే?"

"నువ్వు పట్టుకోబట్టే ఒరుగుతోంది. ఎత్తుకోడానికే ఇంకో మనిషి కావాలి గానీ, మొయ్యడానిక్కాదు. వదులు బాబూ!"

వదిలాడు. గంప ఊగడం మానేసింది. పోలమ్మ రెండు చేతులూ ఊపుకుంటూ, "ఎండుచేపలో!" అని కేకేస్తూ గట్టెక్కి వెళ్లిపోయింది.

నరహరి ఎత్తిన చేతులతో అలాగే చూస్తూ నిలబడ్డాడు. వెనక పంటు ఇంజను మొదలైంది. తిరిగి చూస్తే గురువుగారు పంటు మీదే ఉన్నారు. ఆయనసలు దిగనేలేదు.

"గురువుగారూ! ఎన్నా..."

మాట సగంలో ఆగిపోయింది.

"ఆవిడ వెళ్లిపోయింది నాయనా," అన్నారు గురువుగారు. "చేతులు దించు."

పంటు కదిలింది. గట్టుమీద దండలు పట్టుకుని ఎదురుచూస్తున్న జనంలోంచి ఎవరో అడిగారు. "గురువుగారు రాలేదా?"

"లేదండీ," అన్నాడు నరహరి. "నేనొచ్చాను."