తొక్కలు మింగే తూము

గుమ్మడిదుర్గాన్ని ఏలే ఉద్దండరాజుగారికి ఉన్నట్టుండి ఒక బెంగ పట్టుకుంది. శత్రువుల గురించి కాదు, వానల గురించి కాదు. తన వంటింటి జాలారు గురించి!

తప్పంతా పొరుగు రాజ్యపు రాయబారిది. విందుకు వచ్చి, నాలుగుసార్లు పులుసు పోయించుకుని, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. అంట్లు తోమే జాలారు పక్కన కుడితి తొట్టి కనబడింది. బియ్యం కడుగు, గంజి, కూరల తొక్కలు, అన్నీ అందులోనే. పెద్దమనిషి ముక్కు మూసుకున్నాడు.

"మా రాజుగారి జాలారులో తొక్కలు మింగే తూము ఉంది. వేయడమే తరువాయి, గుటుక్కుమంటుంది" అన్నాడు.

అంతే, రాజుగారికి తిన్నది అరగలేదు. జాలారుకు తగిన మింగుడు యంత్రం తెచ్చినవారికి ఘన సన్మానమని మర్నాడే చాటింపు వేయించారు.

ముగ్గురు వచ్చారు. రాజుగారు పెరటి గడపకు ఇవతలే, వంటింట్లో సభ తీర్చి చూశారు. మొదటివాడి యంత్రం బీరకాయ తొక్కలు మింగి, మంత్రిగారి తలపాగా మీద కక్కింది. రెండోవాడిది తొక్కలతోపాటు గరిటెను, గరిటెతోపాటు వంటవాడి పైపంచెను లాక్కుంది. వంటవాడు కట్టుపంచెనైనా దక్కించుకుందామని పరుగో పరుగు.

మూడోవాడు యంత్రభూషణం. ఆ బిరుదు ఎవరిచ్చారని అడక్కండి, ఆయనే పుచ్చుకున్నాడు. రాతి రోళ్లు, ఇనుప పళ్లు, పక్కన పెద్ద పిడి. గుమ్మడికాయ తొక్కలు వేసి పిడి తిప్పితే, అవి పిండిపిండై నీళ్లతోపాటు తూములోకి జారిపోయాయి. ఉన్నమాట చెప్పాలి, యంత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. నేనున్నా చప్పట్లు కొట్టేవాణ్ణి.

"దీన్నే పెట్టిద్దాం!" అన్నారు రాజుగారు.

"పిడి తిప్పే నలుగురికి చోటు కావాలి ప్రభూ" అన్నాడు యంత్రభూషణం. "ఆ కంపు తొట్టి పగలగొట్టించండి. వెనకున్న గేదెల పాక పీకించి, గేదెల్ని బుధవారం సంతకు తోలించేయండి."

రాజుగారు సరేనన్నారు. ఆయన పుట్టి బుద్ధెరిగి పెరటి గడప దాటింది లేదు. ఆయన లెక్కలో పెరుగు ఉట్టిలో పుడుతుంది. మంత్రులకు అసలు సంగతి తెలుసు. కానీ రాజుగారు ఉత్సాహంలో ఉన్నప్పుడు నోరెత్తితే వాళ్లు మంత్రులెందుకవుతారు?

జాలారు దగ్గర అంట్లు తోముతున్న పేరక్కకు మాత్రం గుండె జారిపోయింది. పాకలోని నల్లమ్మి ఒకప్పుడు తల్లి లేని దూడ. పాలలో గుడ్డ ముంచి నోట్లో పిండి, పేరక్కే దాన్ని గేదెను చేసింది. సంతకు తోలితే ఏ కటికవాడి చేతిలో పడుతుందో! కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

"ఏలినవారు మన్నించాలి. ఎద్దును కొనేముందు అరక కట్టి చూస్తాం కదా. రెండ్రోజులు దీన్నీ తిప్పి చూద్దాం. ఒక్క తొక్క, ఒక్క గంజిచుక్క తొట్టిలో పడనివ్వను. అంతా యంత్రానికే."

"రెండేం ఖర్మ, ఇరవై రోజులు చూడు!" అన్నాడు యంత్రభూషణం.

"తొట్టి చేసే పనంతా ఇది చేస్తుందా బాబూ?"

"అంతా చేస్తుంది. సభే సాక్షి!"

ఇక్కడ నల్లమ్మి గుణం కాస్త చెప్పాలి. అది మహా మొండిది. ముందు కుడితి పెడితేనే పాలు చేపుతుంది. లేదంటే పొదుగు బిగబట్టి, దగ్గరికొచ్చినవాణ్ణి ఒక్క తాపు తంతుంది. పాకలోని మిగతా రెండూ దాని శిష్యురాళ్లే.

యంత్రం గుటుక్కుమంటూనే ఉంది. ఆ సాయంత్రం పాలు లేవు. మర్నాడు పొద్దున్నా లేవు. ఉన్న పెరుగు ఉన్నంతవరకు సరిపోయింది. రెండో రోజు మధ్యాహ్నం రాజుగారు పప్పు, గోంగూర, పులుసు కానిచ్చి, చివరి అన్నంలో గుంట చేసుకుని కూర్చున్నారు. ఎంతకీ ఏమీ పడలేదు. వంటవాడు దూలాలు లెక్కపెడుతున్నాడు.

"పెరుగేదిరా?"

పేరక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"యంత్రం మింగేసింది, ఏలినవారూ."

రాజుగారు ఎంగిలి చేత్తోనే లేచారు. "భూషణం! తొక్కలు మింగమంటే నా పెరుగు మింగుతుందా!"

యంత్రభూషణం పరిగెత్తుకొచ్చాడు. "అబద్ధం ప్రభూ! ఒక్క చుక్క పెరుగు వేయలేదు!"

"నిజమే, వేయలేదు" అంది పేరక్క. "కడుగూ గంజీ తొక్కలే వేశాను. ఇన్నాళ్లూ వాటినే తొట్టిలో పోసి గేదెకు పెడితే పాలిచ్చేది. ఆ పాలే తమరి పెరుగు. తొట్టి చేసే పనంతా ఇదీ చేస్తుందని వీరు సభలో మాటిచ్చారు కదా!"

అని ఇత్తడి చెంబు తెచ్చి యంత్రం కింద పెట్టింది. గొంతుక్కూర్చుని, ఇనుప పళ్ల మీద నీళ్లు చిలకరించి, రాతి రోలు నిమిరింది. "చేపవే నా తల్లీ, చేపవే" అని బుజ్జగించింది. కాసేపు చూసి, వెనక్కి తిరిగింది.

"భూషణంగారూ, మేత బాగానే మేసింది. పొదుగెక్కడో కాస్త చూపిస్తే పాలు పిండుకుంటాను!"

రాజుగారి నవ్వుకు అన్నం మెతుకులు మంత్రిగారి మీద పడ్డాయి. నిన్నటిదాకా నోరు మెదపని మంత్రులు అందరికంటే గట్టిగా నవ్వారు. యంత్రభూషణం కోపం తెచ్చుకోబోయి, తన యంత్రం కింద ఉన్న చెంబు చూసి, తనూ కడుపు పట్టుకున్నాడు.

గేదెల పాకకు పెంకులు వేయించమని, పెరటి పెత్తనం పేరక్కదేనని, ఆమె మాట లేనిదే తొట్టిని కూడా కదపకూడదని రాజుగారు అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చారు. ఇచ్చి, మళ్లీ పీటమీద కూర్చున్నారు.

"వెళ్లి నల్లమ్మికి కుడితి పెట్టు, పేరక్కా! ఈ పూటకు పాలన్నమే చాలు. నువ్వొచ్చేదాకా నేను చెయ్యి కడుక్కోను!"