పాడేదెవరు?

రాజమండ్రిలో ఇమ్మానియేలు మాస్టారు ప్రతి శనివారం సాయంత్రం ఫోను ముందు కూర్చుని, గిటార్ నేర్చుకునేవాళ్ల సందేహాలకు లైవులో జవాబులిస్తారు. ఏ పాటకు ఏ శ్రుతి అని ఎవరడిగినా ముందు ఆయన వేసే ప్రశ్న ఒకటే: "పాడేదెవరు?" అది చెప్పేదాకా తీగ ముట్టరు. కొందరు విసుక్కుని వెళ్లిపోతారు. వాళ్లను ఆయన ఆపరు.

తొమ్మిదేళ్లు ఆయన దగ్గర నేర్చుకున్న వంశీధర్, తనూ అలాంటి క్లాసులు మొదలుపెట్టబోతూ ఆశీర్వాదం కోసం వచ్చాడు. తెలివైనవాడు. తెలివైనవాళ్లకుండే తొందర కూడా ఉంది.

"ఒకటడుగుతాను, కోప్పడకండి మాస్టారూ. శ్రుతి మార్చడం ఉత్త లెక్క కదండీ. జి నుంచి ఎఫ్‌కి రావాలంటే ప్రతి స్వరాన్నీ రెండు మెట్లు దించడమే. పాడేది ఎవరైతే ఏంటండీ? అవతల వందమంది కాచుక్కూర్చుంటే!"

మాస్టారు కోప్పడలేదు. తెనాలి నుంచి సలోమి అనే ఆవిడ తన లైవుకు వస్తుండేదని చెప్పారు. ఆమె ప్రతి వారం ఒకే పాట గురించి అడిగేది. మొదటి శనివారం, జి లో ఉన్న పాటను ఎఫ్‌లో ఎలా వాయించాలని. ఆయన సూత్రం చెప్పారు. మరుసటి వారం, ఎఫ్ నుంచి ఈ కి ఎలా అని. మళ్లీ చెప్పారు. ఆపై వారం ఇంకా కిందికి, డి కి. అప్పుడు ఆయనకు ఒళ్లు మండింది.

"సూత్రం మీ చేతిలోనే పెట్టాను కదమ్మా, వారంవారం ఇదేం గోల? శ్రుతి అందుకోలేని గొంతుకి సాధన చెయ్యమని చెప్పండి. పాటని గోతిలోకి దించకండి" అన్నారు. చూస్తున్నవాళ్లు పడిపడి నవ్వారు, తెర నిండా చప్పట్ల బొమ్మలు పెట్టారు. సంగతి తెలిసినవాడు నోరు జారితే దానికీ మెచ్చుకోలు దొరుకుతుంది; లోకం తీరే అంత.

ఆ మాట విన్నది సలోమి ఒక్కతే కాదు. పక్కనే ఆమె భర్త జయశీలం ఉన్నాడు. వాళ్ల చర్చిలో ఇరవై ఏళ్లుగా ఆదివారం మొదటి పాట ఎత్తుకునేది ఆయనే, గిటార్ వాయించేది ఆమె. గొంతులో క్యాన్సర్ వచ్చింది. రెండు నెలల్లో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తామన్నారు డాక్టర్లు. ఈలోగా గొంతు వారంవారం కిందికి జారిపోతోంది. సంఘంలో ఎవరికీ చెప్పొద్దని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆమె చెప్పకుండా చేయగలిగింది ఒక్కటే: గొంతు ఎంత దిగితే గిటార్‌ని అంత దించడం. ఆయన పాడగలిగినన్ని ఆదివారాలు పాడించాలన్నదే ఆమె ఆశ.

ఆ మర్నాడు జయశీలం డి వద్దన్నాడు. జి లోనే ఎత్తుకున్నాడు. రెండో చరణంలో గొంతు చీలి ఆగిపోయింది. పాట సంఘం పూర్తి చేసింది. ఆయన తల వంచుకుని బయటికి నడిచాడు. ఆపరేషన్‌కి ఇంకా ఐదు ఆదివారాలున్నా మళ్లీ పాడలేదు. ఇంట్లో భార్య ఎంత బతిమాలినా చిన్న కూనిరాగమైనా తీయలేదు. ఆపరేషన్ అయ్యాక ఐదో నెలలో పోయాడు.

ఇదంతా సలోమి మాస్టారికి ఉత్తరంగా రాసింది. నిష్ఠూరం ఒక్కటీ లేదు. చివర ఎప్పటిలాగే ఒక సందేహం అడిగింది: "ఇప్పుడు పాడేవాళ్లు లేరండి. వట్టి గిటార్ మీద ఆ పాట వాయించుకోవాలంటే ఏ శ్రుతి మంచిది?"

గురువు ముఖం చూసి వంశీధర్‌కు జాలేసింది. ఓదార్చాలని నోరు తెరిచి, తనకు తెలిసిన ఓదార్పే చెప్పాడు.

"కానీ మాస్టారూ... ఆ రోజు మీరు చెప్పిన పాఠంలో తప్పేం లేదు కదండీ."

మాస్టారు గిటార్‌ని గోడకు ఆనించారు.

"లేదు నాయనా. ఆ వీడియో నేను తీసెయ్యలేదు, ఇంకా అక్కడే ఉంది. చూసుకో, ఒక్క తప్పు లేదు."