తాడు పట్టుకున్నవాడు

పైడిరాజు దినం అయిన మర్నాడు వినీల్ మాస్టారిని వెతుక్కుంటూ వచ్చాడు.

మాస్టారంటే దానయ్య. నేవీలో డైవర్‌గా చేసి రిటైరయ్యాక, భీమిలి ఒడ్డున కుర్రాళ్ళకి ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగడం నేర్పుతున్నాడు. సిలిండరూ గొట్టాలూ ఏమీ ఉండవు. ఒకడు నడుముకి తాడు కట్టుకుని దిగుతాడు. జతగాడు పడవలో కూర్చుని ఆ తాడు పట్టుకుంటాడు.

ఆయన దగ్గర ఒకటే కట్టుబాటు. కిందివాడు మునగగానే పైవాడూ ఊపిరి బిగబట్టాలి. ఇక నావల్ల కాదనిపించగానే తాడు లాగెయ్యాలి.

వినీల్, పైడిరాజు ఎప్పుడూ ఒక జత. ఈమధ్యే వినీల్ ఒక వాచీ కొన్నాడు. చూడ్డానికి మామూలు ముళ్ళ గడియారమే గానీ దాన్లో లేనిది లేదు. ఏ దేశంలో దిగితే ఆ దేశం టైముకి ముళ్ళు వాటంతటవే తిరుగుతాయి. నీటి లోతుకో ముల్లు, ఆటుపోట్లకి ఇంకో ముల్లు. కొన్న కొత్తలో మనవాడు చొక్కా చెయ్యి మడవకుండా గడప దాటలేదు.

అంత వాచీ ఉండగా ఇద్దరూ ఉక్కిరిబిక్కిరి కావడం దేనికనుకున్నాడు. పైడిరాజు కూడా నవ్వి సరేనన్నాడు. ఆ పూట వినీల్ హాయిగా గాలి పీలుస్తూ ముల్లు చూస్తూ కూర్చున్నాడు. పైడిరాజు ఎప్పుడూ పైకొచ్చే టైము కాగానే వినీల్ తాడు లాగాడు. బరువుగా వచ్చింది.

"వాచీ తప్పు చెప్పలేదు మాస్టారూ," అంటూ దాన్ని విప్పి ఆయన ముందు పెట్టాడు వినీల్. "షాపులో చూపించాను. సెకను కూడా తేడా లేదన్నారు. వాడు రోజూ ఉండేంతసేపే ఆగానండీ. నా కొడుకుని ముందే ఎందుకు లాగలేదురా అని వాళ్ళమ్మ అడుగుతోంది. నా తప్పు లేదని మీరొక్క మాట అనండి, ఆవిడకి చెప్పుకుంటాను."

దానయ్య వాచీ తీసి మళ్ళీ వాడి చేతికే పెట్టి, పడవ వైపు నడిచాడు.

మబ్బు పట్టి ఉంది. నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. ఇద్దరూ పడవలో కొంతదూరం పోయాక మాస్టారు నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస వాడికిచ్చాడు.

"రెండు నిమిషాలుంటాను. చూస్తుండు," అని దిగిపోయాడు.

వినీల్ ముల్లు చూస్తూ కూర్చున్నాడు. చెప్పిన టైముకే మాస్టారు పైకి తేలాడు. ఒక చేత్తో పడవ అంచు పట్టుకుని, రెండో చెయ్యి, ఆ తడి చెయ్యి, వినీల్ గుండె మీద ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"నిమ్మళంగానే ఉందే," అన్నాడు.

వినీల్ ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. పాపం, ఆ మాటకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

"మళ్ళీ దిగుతున్నాను."

ఈసారి వినీల్ వాచీ వైపు చూడలేదు. మాస్టారి తల మునగగానే నోరు మూసుకుని ఊపిరి బిగబట్టాడు. కాసేపటికే చెవుల్లో హోరు మొదలైంది. ఛాతీ మండుతోంది. కింద ఉన్నది మాస్టారో పైడిరాజో వాడికి తెలియలేదు. ఇక ఆగలేక రెండు చేతులా తాడు గుంజాడు. గుంజుతూనే ఉన్నాడు.

మాస్టారు దగ్గుతూ పైకొచ్చాడు. "ఏం తొందరరా నీకు? ఇంకా బోలెడు ఊపిరుంది నాకు!" అని కసిరాడు.

వినీల్ రొప్పుతూ ఏడుస్తున్నాడు. తాడు మాత్రం వదలలేదు. దానయ్య వాడికేసి చూసి గొంతు తగ్గించాడు.

"ఆ రోజు ఇంత తొందరపడి ఉంటే, వాడూ పైకొచ్చి నిన్నిలాగే తిట్టేవాడు."